చెంగమ్మ తోట నుంచి హేమ ఫ్యాక్టరీ దాకా

ముప్పై ఏళ్లు కాకినాడలో హైస్కూలు పిల్లలకు సోషల్ చెప్పి రిటైరయ్యాను. పంచవర్ష ప్రణాళికలు, పారిశ్రామికవాడలు, ఎగుమతులు, సుంకాలు అని బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో గుర్తులేదు. అయినా ఎగుమతయ్యే సరుకును అది బయలుదేరే చోట ఒక్కసారి కూడా చూడలేదు. మొన్న జూన్ నెలాఖరులో తిరుపతి మొక్కు తీర్చుకోవడానికి ఒక్కదాన్నే బయలుదేరినప్పుడు, దర్శనమయ్యాక చిత్తూరు వైపు తిరిగి, పారిశ్రామికవాడ శ్రీ సిటీ చూసి, సూళ్లూరుపేటలో రైలెక్కి ఇంటికి రావాలనుకున్నాను. అనుకున్నట్టే వచ్చాను. మధ్యలో మాత్రం ఒక మామిడికాయల ట్రాక్టరు దగ్గర ఆగిపోయాను. అటు వెళ్లని వాళ్ల కోసం ఆ సంగతులు రాస్తున్నాను.

తిరుపతి: నిండా కారం

దర్శనం గురించి రాయను, అది అందరికీ తెలిసిందే. కొండ దిగాక బస్టాండు దగ్గర ఒక చిన్న హోటల్లో కారం దోశ చెప్పాను. దోశలు పోస్తున్న ఆవిడ "కారం నిండా ఎయ్యాల్నా అమ్మా?" అని అడిగింది. మా వైపు నిండా అంటే అంచు దాకా. దోశ అంచుల వరకూ పూయాలా అని అడుగుతోందనుకుని తలూపాను. ఇక్కడ నిండా అంటే బాగా ఎక్కువ అని మొదటి ముక్కతోనే తెలిసింది. నా కళ్లనీళ్లు చూసి ఆవిడే గ్లాసుడు మజ్జిగ తెచ్చి పెట్టింది.

"మీది కోస్తానా? ముందే చెప్పుంటే తగ్గించేదాన్ని గదా" అంది. దోశకు అరవై రూపాయలు తీసుకుంది, మజ్జిగకు తీసుకోలేదు.

హోటలు తెల్లారకముందే తెరుస్తుందట. "ముందంతా మొక్కులోళ్లే బేరం. ఇప్పుడు ఫ్యాక్టరీ బస్సులకు పోయే ఆడబిడ్డలు జాస్తి అయినారు. ఇడ్లీలు కట్టించుకోని పోతారు. బస్సు తప్పితే ఆ దినం జీతం పాయె, అందుకే నేను ముందే లేస్తా" అంది. తన బేరం గురించి కాక వాళ్ల బస్సు గురించి ఆలోచించే ఆ మాట నాకు నచ్చింది.

చంద్రగిరి: చోటిచ్చిన రాజు

మర్నాడు చంద్రగిరి కోటకు వెళ్లాను. రాజమహల్ ముందు పచ్చిక మీద నాలుగడుగులు వేశానో లేదో చెప్పు పట్టీ తెగింది. ఒక కాలికి చెప్పు, ఒక కాలు ఉత్తిది. కాపలా ఉన్న పెద్దాయన చూసి జేబులోంచి పిన్నీసు తీసి ఇచ్చాడు. "ఈడ దినానికి ఒకరికన్నా తెగుతాది మేడం" అన్నాడు.

పట్టీకి పిన్నీసు గుచ్చుకుంటూ ఆయనతో కాసేపు మాట్లాడాను. వ్యాపారానికి వచ్చిన ఇంగ్లీషు వాళ్లకు మద్రాసు దగ్గర చోటిస్తూ విజయనగర రాజు రాయించిన కాగితం ఈ చంద్రగిరి నుంచే వెళ్లిందని చెబుతారు. ఆ మాటే ఎత్తాను.

"అవును, ఈడి నించే ఇచ్చినాడు" అన్నాడాయన, నిన్ననే తన కళ్ల ముందు జరిగినట్టు. "వాళ్లొచ్చి దుకాణం పెడితే ఊరు బాగుపడతాదని అనుకున్యాడు. అట్ల అనుకునేది తప్పు కాదు మేడం. మా అల్లుడు గూడా ఇప్పుడు జపానోళ్ల ఫ్యాక్టరీలోనే పని చేస్తాండాడు. చోటిచ్చినా, తాళంచెవి మన కాడ ఉండాల. అంతే."

పాఠంలో నేను రెండు పిరియడ్లు తీసుకునే విషయం ఆయన ముగించేశాడు. బయట మెట్ల దగ్గర కొత్త చెప్పులు నూట యాభైకి కొన్నాను. పిన్నీసు తిరిగి ఇవ్వబోతే వద్దన్నాడు.

బంగారుపాళ్యం: ఆగిన బస్సు

మూడో రోజు పొద్దున కాణిపాకం వినాయకుణ్ణి చూసుకుని, పలమనేరులో ఉన్న పాత సహోద్యోగి ఇంటికని చిత్తూరులో బస్సెక్కాను. బంగారుపాళ్యం దాటకముందే బస్సు ఆగింది. కిటికీలోంచి చూస్తే రోడ్డు పక్కన కనుచూపు మేర ట్రాక్టర్లు. ప్రతిదాని వెనకా మామిడికాయల ట్రాలీ, పైన వేపమండలు గానీ తడిపిన గోనెసంచులు గానీ కప్పి ఉన్నాయి. గాలి అంతా మగ్గిన వాసన. డ్రైవరు ఇంజను ఆపేసి "రోంత సేపు పడతాది" అని తనూ దిగిపోయాడు.

నేనూ దిగి టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాను. పక్కన తడి తువ్వాలు తలకు చుట్టుకుని, యాభై ఏళ్ల వయసున్న ఒకావిడ కూర్చుని ఉంది. మాట కలపడానికి, ట్రాలీ వైపు చూపించి "కలెక్టరు కదండీ?" అన్నాను.

అదే బల్ల చివర కూర్చున్న ఇద్దరు రైతులూ చటుక్కున లేచి నిలబడ్డారు. ఒకాయన నడుముకున్న తువ్వాలు తీసి భుజాన వేసుకుని రోడ్డు అటూ ఇటూ చూశాడు. ఈ కాయను మా గోదావరి వైపు కలెక్టరు కాయ అంటారని, ఇక్కడి పేరు తోతాపురి అని నాకు ఆ క్షణానికి గుర్తు రాలేదు. విషయం తెలిశాక అందరికంటే ఎక్కువ నవ్వింది ఆవిడే. ఆవిడ పేరు చెంగమ్మ.

"కలెక్టరు వస్తే ఇంత కాయ ఇచ్చి పంపిస్తాంలేక్కా" అంది. "మూడు దినాలైంది ఈడికొచ్చి. ఇంటాయన ట్రాక్టరు కింద పండుకోనుండాడు."

ఎదురుగా ఉన్నది మామిడి గుజ్జు తీసి డబ్బాలకెత్తే ఫ్యాక్టరీ. ఇక్కడి వాళ్లు జూస్ ఫ్యాక్టరీ అంటారు. మా వైపు మామిడంటే కోసుకుని తినేది, ఆవకాయ పెట్టుకునేది. ఇక్కడ ఎకరాలకు ఎకరాలు వేసిన ఈ కాయను ఊళ్లో తినేవాళ్లు తక్కువ. ఇది డబ్బాలో పడి, ఓడెక్కి, ఎవరో తెలియని వాళ్ల గ్లాసులోకి పోవడానికి పుట్టిన కాయ. ఈ ఏడు ఆ దారి మూసుకుపోయింది.

"మన గుజ్జు కొనే దేశాలోళ్లు బయటి సరుక్కి పన్నులు పెంచినారంట. మాకు వొద్దు పొమ్మన్నారంట" అంది చెంగమ్మ. "పోయినేటి డబ్బాలే లోపల కొండ మాదిరి ఉండాయని ఫ్యాక్టరీ వాళ్లు చెప్తాండారు. అట్ల మొండికేస్తే సర్కారోళ్లు వచ్చి, ఈ రేటుకి తీసుకోవాల్సిందే, మిగతా దుడ్లు మేము రైతుకేస్తామని చెప్పినారు. రేటు బాగుండాది. లోపలికి పోయే దారే లేదు."

"మరి పక్క రాష్ట్రంలో అమ్ముకోకూడదా?"

ఆవిడ తలకున్న తువ్వాలు విప్పి మళ్లీ చుట్టుకుంది. తరువాత, "మా తమ్ముడు కర్ణాటకలో ఉండాడు, ముళబాగిలు పక్కన. వాడూ ఇదే కాయ వేసినాడు, ఆడా కొనేవోళ్లు లేరు. వాడి బండిని ఇట్ల రానీకుండా చెక్‌పోస్టు కాడ తిప్పి పంపించేసినారు. బయటి కాయ రాకుంటే నాకు మంచి జరుగుతాదని ఆపినారంట. ఆ సరిహద్దు మా యమ్మకు యా దినమూ కనపళ్లేదక్కా, ఇంటికీ ఇంటికీ నడిచి పోయేది" అంది.

బస్సు హారను మోగింది. నేను లేవలేదు. సంచీ తెచ్చుకుని, పలమనేరు సహోద్యోగికి రాలేనని ఫోన్ చేశాను. కారణం అడిగితే మామిడికాయలని చెప్పాను. ఎండకు నాకేదో అయిందనుకుందట.

మధ్యాహ్నం చెంగమ్మ క్యారియరు విప్పింది. రాగి సంగటి, ఊరిబిండి అనే వేరుశనగ పచ్చడి. సంగటిని నేను నములుతుంటే ఆమె భర్త మునస్వామి మొహమాటంగా "నమలగూడదక్కా, మింగాల" అన్నాడు. సన్నగా, తక్కువ మాట్లాడే మనిషి. ప్రతి పావుగంటకూ లేచి వెళ్లి ట్రాలీలో చెయ్యి పెట్టి కాయ నొక్కి చూసి వచ్చేవాడు. అడక్కపోయినా, "మెత్తబడితే ఫ్యాక్టరీ వోళ్లు ముట్టరు" అని చెప్పాడు. రెండున్నర ఎకరాల తోట వాళ్లది. ఒక్కతే కూతురు హేమ. శ్రీ సిటీలో ఎలక్ట్రానిక్ బోర్డుల ఫ్యాక్టరీలో పని చేస్తోందట. నేను ఎల్లుండి శ్రీ సిటీకే వెళుతున్నానంటే చెంగమ్మ నా చెయ్యి పట్టుకుంది.

ఫ్యాక్టరీ గేటు: ఒక గంట

ఆ సాయంత్రం చిత్తూరు లాడ్జికి వెళ్లిపోయి, పొద్దున్నే మళ్లీ మొదటి బస్సుకు వచ్చాను. ఎందుకొచ్చావని వాళ్లు అడగలేదు. ట్రాక్టరు గేటుకు నాలుగు బళ్ల దూరంలో ఉంది.

పదిన్నరకు వంతు వచ్చింది. ఫ్యాక్టరీ మనిషి గోనె ఎత్తి చెయ్యి లోపలికి దోపి తీశాడు. మోచేతి దాకా పసుప్పచ్చని రసం. "ఇది కాదు. పక్కకు తియ్యి" అన్నాడు.

మునస్వామి వెనక్కి తిరిగాడు. ట్రాక్టరు ఎక్కి తాళం తిప్పబోయాడు. చెంగమ్మ బండికి అడ్డంగా నిలబడింది.

"అడుగున కాయ కారిందప్పా, నేను కాదనలా. పైన కాయ గట్టిగానే ఉండాది. ఏరి ఇస్తాను. ఒక గంట ఇయ్యి."

"ఎనకాల ఎంతమంది ఉండారో సూడమ్మా."

టోకెన్లు రాస్తున్న ఉద్యానశాఖ ఆఫీసరు పుస్తకం మూసి వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయేమో, కళ్లు నిద్రలేక ఎర్రగా ఉన్నాయి. ఆయన వెనక బళ్ల వైపు తిరిగి గట్టిగా అడిగాడు. "ఏమప్పా, ఈ యమ్మకి గంట ఇస్తే మీకు అభ్యంతరమా?"

అభ్యంతరం అనడానికి అందరికీ కారణం ఉంది. వాళ్ల కాయ కూడా ఎండలోనే మగ్గుతోంది. వెంటనే వెనక ట్రాక్టరాయన దిగి వచ్చాడు. నిన్న కలెక్టరనగానే తువ్వాలు సర్దుకున్నాయన. పోట్లాడతాడేమో అనుకున్నాను. ఆయన నేరుగా ట్రాలీ ఎక్కి, "గంటెందుకు, నలుగురం ఎక్కితే అరగంట" అన్నాడు.

నేనూ ఎక్కాను. గట్టి కాయ ఒక పక్కకు, మెత్తది ఒక పక్కకు, కారింది కిందికి. చీర మోకాళ్ల దాకా జిగట. ఈగలు. ఒకసారి జారి కాయల మీదే కూర్చుండిపోతే తువ్వాలాయన లేపి "టీచరమ్మా, మీరు మెత్తటి కాయల మీద కూచోండి, ఇవి గూడా మెత్తబడితే అమ్మేది ఎట్ల?" అన్నాడు. ఆ నాలుగు రోజుల్లో మునస్వామి నవ్వింది అప్పుడే అని చెంగమ్మ చెప్పింది.

సగానికి పైగా లోపలికి తీసుకున్నారు. మిగిలింది ఊళ్లో ఆవులకు పోయింది.

తోటలో

మధ్యాహ్నం వాళ్లతో పాటు ట్రాక్టరు మీదే తోటకు వెళ్లాను. కొమ్మలు నేలకు వంగి ఉన్న చెట్లు, కింద చల్లగా ఉంది. ఇంకా కొయ్యని కాయ ఎంతో వేలాడుతోంది. గట్టు మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు, పక్కన కరెంటు రంపం. మునస్వామే పిలిపించాడట.

"ఈ వారంలో అన్నీ కొట్టించేస్తానక్కా" అన్నాడు మునస్వామి, నాతో చెబుతున్నట్టు, నిజానికి భార్యకు వినబడేలా. "యాడో ఎవుడో పన్నేస్తే ఈడ నా కాయ కుళ్లిపోతాంది. వాడి మొకం నేను చూడలా, నా మొకం వాడు చూడలా. ఇంక నా వల్ల కాదు. పాపకు ఉద్యోగం ఉండాది. అదే ఇప్పుడు మాకు తోట."

గేటు దగ్గర బండికి అడ్డం నిలబడ్డ చెంగమ్మ ఇక్కడ వంగి రాలిన కాయలు ఏరుకుంటూ ఉండిపోయింది. ఆ చెట్లు నాటింది ఆమే. పెళ్లయిన ఏడాది కుండతో నీళ్లు మోసి బతికించిందని తరువాత చెప్పింది. నేను బయలుదేరుతుంటే గట్టి కాయలు ఏరి ఒక సంచీలో వేసి, ఉప్పూకారం పొట్లం కట్టి ఇచ్చింది.

"ఇది హేమకియ్యి. చెట్లు కొట్టే సంగతి గూడా నువ్వే చెప్పక్కా. నేను చెప్తే ఏడుపొస్తాది. నువ్వు టీచరువి, నిదానంగా చెప్తావు."

రంపం ఆయనకు నేను టీకి పది రూపాయలిచ్చి, హేమకు చెప్పే వరకూ, ఎల్లుండి దాకా ఆగమని అడిగాను. నాకేం హక్కుందో తెలియదు. ఆయన మునస్వామి వైపు చూశాడు. మునస్వామి తల అటు తిప్పుకున్నాడు. దాన్నే ఒప్పుకోలు కింద తీసుకున్నాం.

శ్రీ సిటీ: వేరే బస్సు

ఐదో రోజు తిరుపతి మీదుగా శ్రీ సిటీ చేరాను. వెడల్పాటి రోడ్లు, వరసగా చెట్లు, గేటు గేటుకూ ఒక దేశం భాషలో బోర్డు. మా తరగతి గది మ్యాపులో చూపించిన దేశాలన్నీ పక్కపక్కన ఇళ్లు కట్టుకున్నట్టుంది. హేమ ఫోన్లో చెప్పిన బస్సు అనుకుని నీలం బస్సెక్కాను. ఎక్కిన పది నిమిషాలకు చుట్టూ ఉన్న అమ్మాయిలు నన్ను చూసి గుసగుసలాడారు. ఒకమ్మాయి "క్యాంటీన్లో కొత్తగా చేరినారా ఆంటీ?" అని అడిగింది. అది వేరే ఫ్యాక్టరీ బస్సు. డ్రైవరు విసుక్కోకుండా తిప్పి, హేమ వాళ్ల గేటు ముందు దింపి వెళ్లాడు.

రెండున్నరకు షిఫ్టు వదిలారు. హేమకు ఇరవై నాలుగేళ్లు, ఒంటి మీద ఫ్యాక్టరీ కోటు, తల్లి పోలికే, మాట మాత్రం గబగబా. రోడ్డు పక్క చెట్టు కింద అరుగు మీద కూర్చున్నాం. ఆమె స్నేహితులిద్దరు సంచీ చూడగానే కాయలు కోసేశారు.

"ఈ నెలంతా ఓవర్‌టైమ్ టీచర్" అంది హేమ. వాళ్లు టీవీల్లో బిగించే చిన్న సర్క్యూట్ బోర్డులు చేస్తారట. "ముందు ఈ ఆర్డర్లు చైనాకు పోతాండె. ఇప్పుడు వాళ్లకీ అమెరికా వోళ్లకీ పడలేదు గదా, ఒకరి మీద ఒకరు పన్నులేసుకుంటాండారు. అందుకని కొంత పని మాకొచ్చినాది. కొత్త లైను గూడా వేసినారు."

ఆ లైను నేర్పించడానికి రావాల్సిన చైనా ఇంజనీరుకు వీసా రాలేదట. మిషను వచ్చింది, మనిషి రాలేదు. మీటల మీద ఉన్న అక్షరాలు ఎవరికీ తెలియవు. హేమ, ఇంకో ఇద్దరు ఫోన్లో తర్జుమా చేసుకుంటూ, వీడియోలో ఆయన్ను అడుగుతూ, ఒక్కో మీట మీదా తెలుగులో రాసి చీటీ అంటించారు. "ఆయన మంచోడు టీచర్. వాళ్ల పాపను వొళ్లో కూచోబెట్టుకోని మాకు చెప్పేవాడు. ఇప్పుడు ఆ లైనుకు నేనే లీడర్ని."

ఒకే పన్నుల తగాదా. తల్లి కాయను గేటు బయట నిలబెట్టింది, కూతురికి లీడరు కోటు తొడిగింది. ఇది నేను తరగతిలో ఎలా చెప్పేదాన్నో నాకే తెలియలేదు. చెంగమ్మ అప్పజెప్పిన చెట్ల మాట ఇంకా నా నోట్లోనే ఉంది. చెప్పాను. నిదానంగానే చెప్పానని అనుకుంటున్నాను.

హేమ చేతిలో ముక్క పెదవుల దాకా వెళ్లి ఆగింది. వెంటనే ఫోన్ చేసింది. ఎత్తింది మునస్వామే. స్పీకరు పెట్టడం వల్ల నాకూ వినపడింది.

"నాయనా, రంపమాయన్ను పంపించేసెయ్యి."

"నీకు తెలీదులేమ్మా."

"నాకు తెలుసు నాయనా. నేను ఈడ ఉండేదాన్ని గదా. ఈ పని వాళ్లు కొట్లాడుకుంటే వచ్చినాది. రేపు వాళ్లు వాళ్లు సర్దుకుంటే యాడికి పోతాదో మా మేనేజరుకే తెలీదు. అప్పుడు నేను యాడికి రావాల?"

మునస్వామి, "నీకు ఉద్యోగం ఉండాదనే గదమ్మా నేను చెట్లు కొట్టిస్తాండేది" అన్నాడు.

"తోట ఉండాదనే గద నాయనా నేను ఈడ ధైర్యంగా ఉండేది."

ఇద్దరూ ఏడవలేదు. హేమ మాత్రం కొంగులా కోటు అంచు పట్టుకుని చుట్టి విప్పి చుట్టింది. చివరికి మునస్వామి "తిన్న్యావా?" అని అడిగాడు. "తింటాండాను, మన కాయే" అంది. ఫోన్ పెట్టేశాక ఆ ముక్క నోట్లో వేసుకుంది.

నన్ను సూళ్లూరుపేట బస్సెక్కించి, అది సరైన బస్సేనని డ్రైవర్ని రెండుసార్లు అడిగి మరీ వెళ్లింది.

కాకినాడకు వచ్చిన ఫోన్

ఇరవై రోజుల తరువాత చెంగమ్మ ఫోన్ చేసింది. రంపం ఆయన మళ్లీ వచ్చాడట. మునస్వామి మూడో వంతు చెట్లకు తలలు మాత్రం కొట్టించాడు, మొదళ్లు ఉంచాడు. వాటి చిగుళ్లకు బేనీషా అంటు కడతారట. బేనీషా అంటే మా బంగినపల్లే, మనుషులు ఇంట్లో కోసుకుని తినే కాయ. మిగతా చెట్లు తోతాపురిగానే ఉంటాయి.

"దూరపోళ్లు కొంటే కొంటారు. కొనకపోతే మన ఊర్లోళ్లయినా తినేది ఏదైనా ఒకటి ఉండాల గదక్కా" అంది. "నరికిన చోట సున్నం పూసినాము. తెల్లగా, టోపీలు పెట్టుకున్నట్టుండాయి. చూస్తే నవ్వొస్తాది."

కాపు రావడానికి మూడేళ్లు పడుతుందట. అప్పటికి ఏ దేశం ఎవరికి గేటు తెరుస్తుందో, ఎవరికి మూస్తుందో చెంగమ్మకు తెలియదు, నాకూ తెలియదు. ఆ మాటే అన్నాను.

"అదంతా నాకెందుకు, నువ్వు తినేదానికి వస్తావా రావా, అది చెప్పు" అంది.

వస్తానన్నాను.